ఇల్లరికపు సంచి

రెండు లక్షల రూపాయల చేతిసంచి కొన్నవాళ్లెవరూ రెండు లక్షలు పెట్టి కొన్నామని చెప్పరు. రోజుకు 55 రూపాయలు పడిందంటారు. పదేళ్లు వాడతాం, పదేళ్లంటే 3,650 రోజులు, భాగించి చూడండి, తేలేది అంతే, దర్శిని హోటల్లో నిలబడి ఓ ప్లేటు ఇడ్లీ వడ తిన్నంత. భాగహారంలో తప్పు లేదు. ఎక్సెల్ షీట్లు అన్నం పెడుతున్న బెంగళూరులో భాగహారం తప్పుపోయే ప్రసక్తే లేదు. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా తెలుగిళ్లలో ఈ లెక్క నోటికి వచ్చేసింది. ఐదు లక్షల సంచికైతే రోజుకు 137, పది లక్షలదైతే 274. ఎన్నేళ్లు వాడతామన్నది మన నోటిమాటే గనక ఈ సూత్రంతో ఏ వస్తువునైనా చవక చేసేయొచ్చు. కొత్తిమీర కట్ట దగ్గర ఐదు రూపాయలకు బేరమాడేటప్పుడు మాత్రం ఈ భాగహారం ఎవరికీ గుర్తు రాదు, ఎందుకో మరి.

కొనే రోజు గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు, ఆ రోజు ఎటూ బాగానే గడుస్తుంది. అలాంటి సంచులు అమ్మే యూబీ సిటీ మాల్ విఠల్ మాల్యా రోడ్డులో 2008లో తెరుచుకుంది. అంతకుముందు ఆ చోట బీరు కాచేవారు. ఆ భవనానికి పేరిచ్చిన గ్రూపును ఏలిన విజయ్ మాల్యా 2016 మార్చిలో దేశం దాటారు. ఖరీదైన వాటితో కలకాలం కాపురం చేయడం ఎంత కష్టమో చెప్పుకోడానికి అంతకన్నా తగిన ఆవరణ ఊళ్లో దొరకదు. అక్కడి లూయీ విట్టాన్ దుకాణం మెట్లు దిగేవాళ్ల దగ్గర రెండో వాదన కూడా సిద్ధంగా ఉంటుంది: ఇది ఖర్చు కాదు, పెట్టుబడి, ధర ఏటా పెరుగుతుంది, అవసరమైతే అమ్ముకోవచ్చు. రోజూ వాడతాం గనక చవక అన్నది మొదటి వాదన. విడివిడిగా వింటే రెండూ బాగానే ఉన్నాయి. పక్కపక్కన పెడితేనే చిక్కు. వాడితేనే మొదటి లెక్క గిట్టుతుంది. వాడకపోతేనే రెండోది నిలుస్తుంది. పాత సంచులు కొనే వ్యాపారి మొదట అడిగేది అది మీకు ఎంత ఉపయోగపడిందని కాదు. మూలలు అరిగాయా, పిడి నల్లబడిందా, పెట్టె ఉందా, గుడ్డ తొడుగు ఉందా, బిల్లుందా అని. రెండు వాదనలూ ఒక్క సంచికి ఒకేసారి కుదరవు. అయినా కొన్నవాళ్లు రెంటినీ నమ్ముతారు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అందుకే సంచి బీరువాలో ఉంటుంది. బయటికి తీస్తే పాడవుతుందని భయం, అమ్మేద్దామంటే రేపటి నుంచి వాడదామని ఆశ.

తెలుగువాళ్లకు ఈ పరిస్థితి కొత్త కాదు. ఇల్లరికపు అల్లుళ్లను చూసిన జాతి మనది. పని చెప్పడానికి నోరు రాదు, పంపించేయడానికి పరువు అడ్డం. ఎండ తగలకూడదు, వాన తగలకూడదు, కింద కూర్చోకూడదు. అయినా అల్లుడికి పండక్కి బట్టలు పెడితే ఏడాది గడుస్తుంది. సంచి అంతటితో ఊరుకోదు. దానికి ముసుగు గుడ్డ కావాలి, ఆకారం చెడకుండా పొట్టలో దిండు కావాలి, లోపలి గుడ్డ మరకలు కాకుండా ఫెల్టుతో చేసిన అరలు విడిగా కొనాలి, చేతి చెమట అంటకుండా పిడికి పట్టు రిబ్బను చుట్టాలి. వానకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోటు ఉంది. హోటల్లో బల్లకు తగిలించడానికి కొక్కెం ఉంది. బాగా పెద్ద హోటలైతే సంచి కూర్చోవడానికి విడిగా చిన్న పీట తెచ్చి వేస్తారు, మనిషికి మంచినీళ్లు ఆ తర్వాత. సామాను మొయ్యడానికి కొన్న వస్తువుకే ఇంత సామాను. 1955 ఫిబ్రవరిలో షనెల్ తన సంచికి గొలుసు తగిలించి భుజాన వేసుకునేలా చేసింది, ఆడవాళ్ల చేతులు ఖాళీగా ఉండాలని. ఆ ఖాళీ అయిన చేతులతోనే ఇవాళ సంచిని గుండెకు హత్తుకుని వానలో ఆటో కోసం పరుగెత్తుతున్నారు.

వాన సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పదేళ్ల లెక్క చాలావరకు అక్కడే తడుస్తుంది. లూయీ విట్టాన్ అనగానే గుర్తొచ్చే ఆ అక్షరాల, పువ్వుల అచ్చు 1896 నాటిది. అది వేసిన గోధుమరంగు సంచి చాలామంది అనుకున్నట్టు తోలు కాదు, ప్లాస్టిక్ పూత వేసిన నూలు గుడ్డ. అది వానకు బెదరదు. బెదిరేది దాని పిడి, అంచులు. వాటికి వాడేది ఏ పూతా వేయని ఆవు తోలు. కొత్తలో బిస్కెట్ రంగులో ఉండి, ఎండ, గాలి, చేతి జిడ్డు తగిలి, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. ఆ తిరగడమే దాని అందమని కంపెనీవాళ్ల మాట, నిజమే కూడా. కానీ అలా తిరిగేలోపు ఒక్క వాన చినుకు పడితే అక్కడ మచ్చ ఉండిపోతుంది. శానిటైజర్ చుక్క పడినా అంతే, కొబ్బరినూనె వేలు తగిలినా అంతే. ఏప్రిల్‌లో మామిడిపూత జల్లుతో మొదలుపెట్టి అక్టోబరు దాకా, మధ్యాహ్నం దాకా ఎండ కాసి సరిగ్గా ఆఫీసులు వదిలే వేళకు కుండపోత కురిపించే ఊరిది. 2022 సెప్టెంబరు మొదటివారంలో ఔటర్ రింగ్ రోడ్డు చెరువైపోయి, కోట్ల రూపాయల విల్లాల్లోంచి కంపెనీల పెద్దలు ట్రాక్టర్లెక్కి బయటపడ్డారు. పూత వేయని తోలును ఈ ఊరికి కోడలిగా పంపినవాళ్లు ఇక్కడి వాతావరణ శాఖను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

సరే, వాడకుండా దాచేద్దాం, పెట్టుబడి అనే అనుకుందాం. ఇక్కడే ఈ కథలో అసలు దెబ్బ ఉంది. దాచినా చస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరం గోడకు ఆనించిన బీరువా తెరిస్తే నల్లటి తోలు మీద బూడిదలాంటి బూజు కనిపిస్తుంది. గుడ్డతో తుడిస్తే పోతుంది, పదిహేను రోజులకు మళ్లీ వస్తుంది. అది పైకి కనిపించే జబ్బు. కనిపించనిది లోపలి జేబుల్లో ఉంటుంది. పాత సంచుల్లో చాలావాటి అస్తరుకు పాలీయురెథేన్ పూత ఉండేది. ఆ పదార్థం గాల్లో తేమను పీల్చుకుని తనంతట తానే విరిగిపోతుంది. ముందు జిగురు కారుతుంది, తర్వాత పొక్కులు లేచి రాలుతుంది. లోపల పెట్టిన రసీదు అంటుకుపోతుంది, వేలు పెడితే వేలు అంటుకుంటుంది. సంచి ఒక్కసారీ గుమ్మం దాటకపోయినా ఇది జరుగుతుంది. గాలి తగలకూడదని ప్లాస్టిక్ కవర్లో బిగించి కడితే లోపలి తేమ ఎటూ పోలేక పని ఇంకా తొందరగా అవుతుంది. అంటే దాచిన సంచిని బతికించాలన్నా నెలకోసారి బయటికి తీసి, గాలి తగలనిచ్చి, తుడిచి, సిలికా పొట్లాలు మార్చి, దిండు సర్దాలి. బ్యాంకులో వేసిన రెండు లక్షలకు ఈ సేవలేవీ అక్కర్లేదు. ఏడు శాతం వడ్డీ వస్తే పదేళ్లకు దాదాపు రెట్టింపై, బూజు పట్టకుండా చేతికొస్తాయి.

మరి ఇంట్లో మొయ్యాల్సినవన్నీ ఎవరు మోస్తున్నారు? తాంబూలపు సంచి. ఎవరి పెళ్లిలోనో కొబ్బరికాయ, వక్కలు పెట్టి ఇచ్చిన గుడ్డ సంచి, మీద వధూవరుల పేర్లు, తేదీ. దాంట్లోనే టిఫిన్ బాక్సు, గొడుగు, ల్యాప్‌టాప్ చార్జరు, కేఆర్ మార్కెట్ కనకాంబరాలు. శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళ్లి చూడండి. నానబెట్టిన శనగలు, తడి తమలపాకులు, అరటిపండు, మూత సరిగ్గా పడని కుంకుమ భరిణె వాయనంగా ఇస్తారు. రెండు లక్షల సంచి ఒక భుజానికి వేలాడుతూ చూస్తుంటుంది. శనగలు దాంట్లోకి వెళ్లవు. మడిచి తెచ్చుకున్న తాంబూలపు సంచి దాని లోపలి నుంచే బయటికొచ్చి శనగల్ని అందుకుంటుంది. ఖరీదైన సంచి పదేళ్లలో మోసిన అతి బరువైన వస్తువు ఇంకో సంచేనని లెక్క తేలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. కర్ణాటక ప్రభుత్వం 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద రాష్ట్రంలోని ఆడవాళ్లను బస్సుల్లో ఉచితంగా తిప్పుతోంది. లగ్జరీ బస్సులకు పథకం వర్తించదు. లగ్జరీ సంచులకు అభ్యంతరమేమీ లేదు గానీ, అవి బీఎంటీసీ బస్సెక్కిన దాఖలాలు తక్కువ.

పెట్టుబడి వాదన వదలని చదువుకున్నవాళ్లు ఇక్కడ బర్కిన్ సంచి పేరు ఎత్తుతారు. ఎత్తాలి కూడా, ఆ ఉదాహరణ వాళ్లకంటే నాకే ఎక్కువ పనికొస్తుంది. నటి, గాయని జేన్ బర్కిన్ కోసం ఎర్మెస్ కంపెనీ మొట్టమొదట కుట్టిన సంచి 2025 జూలై 10న పారిస్‌లో సోదబీస్ వేలంలో 86 లక్షల యూరోలకు పోయింది, మన లెక్కలో 80 కోట్ల పైమాట. చూశారా, పెట్టుబడి! అంటారు. చూద్దాం. ఆవిడ ఆ సంచిని దాదాపు పదేళ్లు చితక్కొట్టింది. మీద స్టిక్కర్లు అంటించింది, పిడికి గోళ్లు కత్తిరించుకునే కత్తెర వేలాడదీసింది, చేతికి దొరికిన కాగితాలన్నీ కుక్కింది. 1994లో ఎయిడ్స్ బాధితుల సాయం కోసం వేలానికి ఇచ్చేసింది. దాచుకోలేదు, దిండు పెట్టలేదు, వాన కోటు తొడగలేదు. బ్రిటన్ ప్రధానిగా చేసిన మార్గరెట్ థాచర్ సంచిదీ ఇదే కథ. మంత్రుల్ని హడలగొట్టిన ఆ నల్ల సంచి 2011లో లండన్ వేలంలో 25 వేల పౌండ్లు పలికింది. అంటే ఈ రెండు ధరలూ అపురూపంగా చూసుకున్న సంచులకు రాలేదు, అరగదీసిన సంచులకు వచ్చాయి. కాకపోతే అరగదీసే చేతి మీద ఆధారపడి ఉంటుంది. వాళ్లు గీత పెడితే ధర పెరుగుతుంది, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మనం పెడితే తగ్గుతుంది. ఏమైనా, ఏళ్లతరబడి ముట్టుకోకుండా ఉంచి లాభం పొందాలన్న సిద్ధాంతానికి జేన్ బర్కిన్‌ను సాక్షిగా పిలవడం మాత్రం ధైర్యమే.

ధరలు పెరుగుతున్న మాట అబద్ధం కాదు. షనెల్ వారి పేరుమోసిన గొలుసు సంచి ధర 2019కీ 2024కీ మధ్య రెట్టింపుకు దగ్గరగా వెళ్లింది. కానీ పెరిగింది దుకాణంలో ఉన్న కొత్త సంచి ధర. మన బీరువాలోది పాత సంచి. దాని ధర ఎంతన్నది దాన్ని కొనేవాడు చెప్పాలి, వాడు మూలలు చూసి చెబుతాడు. పెట్టుబడి అన్న మాటకు తెలుగింట్లో ఒకే కొలబద్ద ఉంది, బంగారం. 2015లో పది గ్రాములు 27 వేల దరిదాపుల్లో ఉండేది, 2025 ఏప్రిల్‌లో లక్ష తాకింది. దాచడానికి లాకరు చాలు, సిలికా పొట్లాలు అక్కర్లేదు. అర్ధరాత్రి ఆస్పత్రి బిల్లు కట్టాల్సొస్తే తెల్లారేసరికి గొలుసు తాకట్టు పెట్టుకుని డబ్బిచ్చే దుకాణం ఈ ఊళ్లో వీధికొకటి ఉంది. సంచి పట్టుకెళ్తే లోపల గొలుసేమైనా ఉందా అని చూస్తాడు.

ఇంకా నమ్మకం కుదరకపోతే ప్రభుత్వం ఏమనుకుంటోందో చూడండి, డబ్బు వాసన పట్టడంలో దాన్ని మించినవాళ్లు లేరు. ఆదాయపు పన్ను చట్టం నగల్ని మూలధన ఆస్తిగా లెక్కిస్తుంది, చిత్రపటాలనూ శిల్పాలనూ లెక్కిస్తుంది, అమ్మితే లాభంలో వాటా అడుగుతుంది. సొంతానికి వాడుకునే చేతిసంచిని వ్యక్తిగత వాడుక వస్తువు కింద వదిలేసింది. పాప్‌కార్న్ మీద కూడా ఉప్పుదానికొకటి, తీపిదానికొకటి రేటు ఆలోచించిన ప్రభుత్వం ఒక దాని లాభాన్ని వదిలేసిందంటే, అందులో లాభం ఉంటుందన్న అనుమానమే దానికి రాలేదని అర్థం. కొనేటప్పుడు మాత్రం వదల్లేదు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన సంచి కొంటే దుకాణదారు ఒక శాతం పన్ను అక్కడికక్కడే వసూలు చేసి కట్టాలి. ఆ జాబితాలో సంచికి తోడుగా హెలికాప్టర్, విలాస నౌక, పందెపు గుర్రం ఉన్నాయి. గుర్రం కనీసం రేస్‌కోర్స్ రోడ్డులో పరుగెత్తుతుంది.

పనితనానికి డబ్బివ్వాలి కదా అన్న అభ్యంతరం ఒకటుంది, అది గౌరవించాల్సినదే. ఎర్మెస్‌లో ఒక సంచిని మొదటి నుంచి చివరిదాకా ఒకే పనివాడు రెండు సూదులతో జీను కుట్టు కుడతాడు, ఒక దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. అది నిజమైన విద్య. అయితే ధర ఎక్కువ గనక విద్యా ఎక్కువేనని అన్నిచోట్లా అనుకోడానికి లేదు. 2024 జూన్‌లో మిలాన్ కోర్టు డియోర్ వారి ఇటలీ తయారీ సంస్థ మీద పర్యవేక్షకుణ్ని వేసినప్పుడు బయటపడిన కాగితాల్లో ఒక లెక్క ఉంది: దుకాణంలో 2,600 యూరోలకు అమ్మే సంచిని కుట్టిపెట్టినందుకు బయటి కార్ఖానాకు ఇచ్చింది, తోలు ఖర్చు కాక, 53 యూరోలు. తర్వాత పద్ధతులు సరిచేసుకున్నారని 2025లో పర్యవేక్షణ ఎత్తేశారు, అది వేరే సంగతి. తోలు ఖర్చు, లాభం పోను మిగతా యూరోలు ఎటు పోతాయంటే, ప్రకటనలకు, అద్దెలకు, గుమ్మంలో తలుపు తీసే మనిషి చిరునవ్వుకు. ఆ చిరునవ్వు పదేళ్లు నిలవదు, ఎంత ఖరీదైన గుడ్డ తొడుగులో దాచినా.

అమ్మాయికి ఇచ్చుకుంటాం, తరతరాలు ఉంటుంది అన్నది చివరి కోట. వస్తువుల్లో ఏవి తరాలు దాటతాయో తేల్చడానికి ఈ ఊరు ఒక పెద్ద ప్రయోగమే చూసింది, కాకపోతే కోర్టు ఖర్చుతో. 1996 డిసెంబరులో చెన్నైలో తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి జయలలిత ఇంట్లో సోదాలు జరిగినప్పుడు పదివేలకు పైగా చీరలు, 750 జతల చెప్పులు, కిలోలకొద్దీ బంగారం దొరికాయి. ఆ అక్రమాస్తుల కేసు 2003లో బెంగళూరుకు మారింది, 2014లో తీర్పొచ్చింది, నగలు ఇక్కడి ఖజానాలో ఉండిపోయాయి. 2022లో బెంగళూరు సమాచార హక్కు కార్యకర్త ఒకరు ప్రధాన న్యాయమూర్తికి రాసిన లేఖలో అడిగింది బంగారం గురించి కాదు. చీరలు, శాలువాలు, చెప్పులు పాడైపోయే వస్తువులు గనక త్వరగా వేలం వేయండని. 2025 ఫిబ్రవరిలో 27 కిలోల పైచిలుకు నగల్ని తమిళనాడుకు అప్పగించారు. ఇరవై ఎనిమిదేళ్లలో వాటికి జరిగిందల్లా ధర పెరగడం. గుడ్డ, తోలు ఎంత గొప్పవాళ్లవైనా గుడ్డగా, తోలుగానే ముసలివవుతాయి. గుడ్డల్లోనూ పట్టుచీరకు ఒక ఉపాయం ఉంది. మైసూరు పట్టుకు 1912లో మహారాజుగారు పెట్టించిన మిల్లు ఇప్పటికీ నేస్తున్న చీర జరీలో వెండి ఉంటుంది, కాస్త బంగారపు పూత ఉంటుంది. చీర చీకిపోయాక కూడా పాత జరీ కొనేవాడు తూకం వేసి డబ్బిస్తాడు. సంచి చీకితే మిగిలేది ఇత్తడి బకిల్స్ నాలుగు. వాటి మీద కంపెనీ పేరు చెక్కి ఉంటుంది, చదువుకోవచ్చు.

ఆడవాళ్ల సంచుల మీదే ఎందుకు పడ్డారు, పది కిలోమీటర్లు పోవడానికి అరగంట పైగా పట్టే ఊళ్లో నలభై లక్షల రూపాయల కార్లు కొనే మగవాళ్లను అడగరేం అనొచ్చు. అడగొచ్చు, అడగాలి. కారు షోరూం గేటు దాటగానే విలువలో ఒక ముక్క రాలిపోతుందని అందరికీ తెలుసు. తెలిసే కొంటారు. దాన్ని పెట్టుబడి అనడానికి ఇంకా ఎవరికీ మొహం చెల్లలేదు. వానొస్తే కారును గుండెకు హత్తుకుని ఎవరూ పరుగెత్తరు, కారే తడుస్తుంది. సంచి విషయంలోనూ నాకు నచ్చింది, నా సంపాదన, కొనుక్కున్నాను అనేవాళ్ల జోలికి ఈ కాలమ్ రాదు. ఆ మూడు మాటల్లో ఎక్సెల్ షీటు లేదు. ఈ గొడవంతా 3,650 తో భాగించేవాళ్లతోనే.

ఇప్పటికే కొని, బీరువాలో పెట్టుకుని, ఇది చదువుతున్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. రేపు పొద్దున దిండు తీసేసి టిఫిన్ బాక్సు పెట్టండి. వచ్చే శ్రావణానికి శనగలు అందులోనే వేయించుకోండి, తడి తమలపాకులతో సహా. బీఎంటీసీ ఎక్కండి, ఒళ్లో చోటు లేకపోతే కాళ్ల దగ్గర పెట్టండి. పెట్టుబడి ఆ రోజే పోతుంది గానీ రోజుకు 55 రూపాయల లెక్క మాత్రం మొదటిసారి నిజం కావడం మొదలుపెడుతుంది. జిప్పు ఊడితే శివాజీనగర్ సందుల్లో సంచులు కుట్టేవాళ్లకు కొదవలేదు. కంపెనీవాళ్లకు మాత్రం చెప్పకండి. బయటివాళ్ల సూది తగిలిన సంచిని వాళ్లు మళ్లీ ముట్టుకోరు.